ఫ్యానుకి లేని సిగ్గు

అమ్మమ్మ ఉద్యోగం ఫ్యాన్ల కింద కూర్చోవడం. వినడానికి సుఖంగానే ఉంటుంది. చుట్టాల్లో చాలామంది అలాగే అనుకున్నారు, "గాలికి కూర్చుంటే జీతమిస్తారట" అని మూతులు కూడా విరిచారు. అసలు సంగతి వేరు. ఫ్యాన్ల కంపెనీలో పరీక్షగది అని పొడుగాటి గది ఒకటి ఉండేది. దాని కప్పు కింద అడ్డంగా ఇనప దూలాలు, దూలాలకి వరసగా కొక్కేలు, కొక్కేలకి ఫ్యాన్లు. కొత్తగా తయారైన వాటిలోంచి కొన్ని తెచ్చి అక్కడ తగిలిస్తే, అమ్మమ్మ ముక్కాలిపీట మీద కూర్చుని తల పైకెత్తి చూడాలి, చెవి ఒగ్గి వినాలి. ఏది మూలుగుతోంది, ఏది ఊగుతోంది అని కనిపెట్టాలి. సాయంత్రానికి మెడ పట్టేసేది. ఆ మెడ ఇప్పటికీ కాస్త వెనక్కే వాలి ఉంటుంది. కొత్తవాళ్ళు చూసి గర్వం అనుకుంటారు.

మూలిగే ఫ్యాను ఒకటి దొరికిందంటే ఆ గదిలో అందరికీ చేతులు దురద పెట్టేవి. ఒకడు బేరింగు మార్చేవాడు, ఒకడు రెక్కలు విప్పి మళ్ళీ బిగించేవాడు, ఇంకొకడు నూనె పోసేవాడు. మూలుగు ఆగిపోయేది. అందరూ చేతులు దులుపుకునేవాళ్ళు.

"ఎందుకు ఆగింది?" అనేది అమ్మమ్మ.

ఎవరికీ తెలియదు. వారం తిరక్కుండా ఇంకో ఫ్యాను అదే రాగం తీసేది.

అమ్మమ్మ పద్ధతి ఇది కాదు. ఒక్కటే మార్చాలి. మార్చాక తిప్పి చూడాలి. ఆగకపోతే మార్చినదాన్ని ఎలా ఉన్నది అలా పెట్టేసి, అప్పుడు రెండోదాని జోలికి వెళ్ళాలి. ఒకవేళ ఆగినా సంబరపడకూడదు. పాతదాన్ని మళ్ళీ పెట్టి చూడాలి, మూలుగు తిరిగొస్తేనే నేరం దానిది. సాక్ష్యం లేకుండా ఎవరిమీదా నేరం మోపకూడదు, అది తుప్పు పట్టిన బేరింగైనా సరే. ఈ చాదస్తం చూసి కంపెనీలో అందరూ ఆమెకి 'ఒక్కటమ్మ' అని పేరు పెట్టారు. అసలు పేరు జీతం కాగితం మీద మాత్రం మిగిలింది.

తాత అదే కంపెనీలో టూల్‌రూమ్ మనిషి. పనివాళ్ళకి కావలసిన పనిముట్లు, అచ్చులు, బిగింపులు చేసిపెట్టే చోటు అది. తాతకి 'ఎందుకు' అన్న మాట పడదు. ఎవరు ఏ కష్టం మోసుకొచ్చినా ఆయన అడిగేవి వేరే: నీకేం కావాలి, ఎప్పటికి కావాలి, ఇప్పుడు మన దగ్గర ఏముంది. ఉన్న రేకుతో, ఉన్న టైములో, పనికొచ్చేది ఒకటి చేసిచ్చి, "సరిపోతుందిలే" అనేవాడు. నిజంగానే సరిపోయేది. అమ్మమ్మకి ఒళ్ళు మండేది అందుకే.

ఒకసారి పరీక్షగదిలో కొత్త వరసలో తగిలించిన ఫ్యాన్లన్నీ మూకుమ్మడిగా మూలగడం మొదలెట్టాయి. తాతని పిలిపించారు. ఆయన కాసేపు తల గోక్కుని, కొక్కేనికీ రాడ్డుకీ మధ్య చిన్న రబ్బరు ముక్క దూర్చాడు. మూలుగు ఆగింది.

"ఎందుకు ఆగింది?" అంది అమ్మమ్మ.

"ఆగింది కదండీ."

"ఆగిందని నాకూ వినపడుతోంది. ఎందుకని అడుగుతున్నా."

"ఆ సంగతి ఫ్యానునే అడగండి. పొద్దస్తమానం దాని మొహమే చూస్తారుగా."

అమ్మమ్మ నిచ్చెనెక్కింది. రబ్బరు తీసేసింది, మూలిగింది. పెట్టింది, ఆగింది. ఈసారి అదే ఫ్యానుని, రబ్బరు లేకుండా, పాత వరసలో కొక్కేనికి తగిలించింది. కిక్కురుమనలేదు. పాపం ఫ్యాను మంచిదే. దోషం కొత్తగా వేయించిన కొక్కేల వంపులో ఉంది. తాత వాటిని ఊడదీయించి, సరైన వంపుతో మళ్ళీ చేసిచ్చాడు. రబ్బరు ముక్కల పని తీరిపోయింది.

"ఆవిడ లేకపోతే నేను జన్మంతా రబ్బరు కోస్తూ కూర్చునేవాణ్ణి" అని తాత ఎవరితోనో అన్నాడు. "ఆయన లేకపోతే నాకు కారణం తెలిసేది, ఫ్యాను మాత్రం మూలుగుతూనే ఉండేది" అని అమ్మమ్మ ఇంకెవరితోనో అంది. ఆ ఎవరో, ఈ ఇంకెవరో ఊరుకునే రకాలు కాదు. పెళ్ళి చేసేశారు.

అప్పట్నుంచీ ఆ ఇంట్లో ఒకరు ఎందుకని అడుగుతారు, ఒకరు ఎలా అని అడుగుతారు, మధ్యలో పిల్లలు నలిగిపోతారు. కూర కుదరకపోతే మామూలు మనుషులు ఉప్పు వేసి, పులుపు తగ్గించి, ఎలాగో గండం గట్టెక్కిస్తారు. అమ్మమ్మ అలా కాదు. "ఇవాళ ఉప్పొక్కటే తగ్గించాను, తిని చెప్పండి" అనేది. మర్నాడు ఉప్పు మామూలే, కారం ఒక్కటే తగ్గేది. కుదిరిన కూర నోట్లో పడేలోపల కుదరనివన్నీ ఇంటిల్లిపాదీ మింగాల్సిందే. పిల్లలకి దగ్గొస్తే మందూ, ఆవిరీ ఒకేరోజు దొరికేవి కావు. రెండూ ఇస్తే ఏది పనిచేసిందో ఎలా తెలుస్తుందని ఆవిడ బాధ. తాత చాటుగా రెండోది ఇచ్చేసేవాడు. దగ్గు తగ్గేది, లెక్క తప్పేది, అమ్మమ్మకి అనుమానం పట్టుకునేది.

ఇద్దరూ ఉద్యోగాలు చాలించాక అమ్మమ్మ అక్క, పెద్దమ్మమ్మ, ఈ ఇంటికి వచ్చింది. ఆవిడ నర్సుగా చేసింది. ఒంటరి మనిషి, నోరు పదును, చెయ్యి మెత్తన. ఆవిడ సూది వేస్తే పిల్లలు ఏడుపు ఆపి, "ఇంకా వెయ్యలేదా?" అని అడిగేవారట. అంత నెమ్మదైన చెయ్యి. పెరటివైపు గది ఆవిడకి ఇచ్చారు. రోజూ పొద్దున్నే అక్కచెల్లెళ్ళిద్దరూ వంటింట్లో గుండ్రటి బల్లకి ఎదురెదురుగా కూర్చుని టీ తాగేవారు, మధ్యలో తాత. లోకంలో ఎవరెవరు ఎంతెంత తెలివితక్కువవాళ్ళో ఆ బల్ల దగ్గరే తేల్చేవారు. తాత పేరు తరచుగా పైకొచ్చేది.

రెండేళ్ళు గడిచేసరికి పెద్దమ్మమ్మ చేతికి వణుకు వచ్చింది. ఊరికే ఒళ్ళో పెట్టుకుంటే ఏమీ ఉండదు, గ్లాసు ఎత్తితే మొదలు. ప్రాణానికి భయం లేదనీ, కొందరికి వయసుతో ఇలా వస్తుందనీ డాక్టరు చెప్పాడు. మందిచ్చాడు, దానివల్ల కాస్త మగతే తప్ప పెద్దగా ఒరిగిందేమీ లేదు. ఆవిడ పైకి నవ్వేసింది. ఒకనాడు పక్కింటావిడ వచ్చి కూర్చుని ఉండగా టీ తొణికి గడ్డం మీదుగా కారింది. పక్కింటావిడ జాలిగుండె మనిషి. తన చీర కొంగుతో ఆవిడ గడ్డం తుడిచింది.

మర్నాటి నుంచి పెద్దమ్మమ్మ టీ తన గదిలోకి వెళ్ళిపోయింది. తలుపు కూడా వేసుకునేది. తర్వాత భోజనం పళ్ళెమూ ఆ దారినే వెళ్ళింది. అమ్మమ్మ బల్ల దగ్గర కూర్చుని ఎదుటి కుర్చీని చూస్తూ టీ తాగేది. తాత ఏదైనా మాట్లాడితే "ఊఁ" అనేది.

ఒక మధ్యాహ్నం పెద్దమ్మమ్మ గుమ్మం దగ్గర నిలబడి, ఏదో కూరగాయల సంగతి చెప్పినంత మామూలుగా చెప్పింది.

"ఆ చివరి వీధిలో పెద్దవాళ్ళుండే ఇల్లుందే, అక్కడ వచ్చే నెల మొదట్లో ఒక గది ఖాళీ అవుతుందట. కనుక్కున్నా. ఎవరి గదికి వాళ్ళకే పళ్ళెం తెచ్చిపెడతారు."

"ఇక్కడ నీకేం తక్కువైందక్కా?"

"తక్కువేం లేదే. మీరు నా తలుపు వంక చూస్తూ తినడం ఎక్కువైంది. ఇద్దరు మనుషులు నా మూలాన మాటామంతీ లేకుండా తింటున్నారు. నాకు లోపల వినపడదనుకున్నావా?"

 ఆ సాయంత్రం అమ్మమ్మ తాత దగ్గరికెళ్ళి, "అక్క మళ్ళీ బల్ల దగ్గరికి రావాలండీ" అంది. తాత తన అలవాటు చొప్పున ఎప్పటికి కావాలని అడిగాడు. నెలాఖరులోపు అంది. "అయితే తొణకని కప్పు చేస్తా" అన్నాడు తాత. చేతికి పనీ, గుండెకి ధైర్యమూ ఆయనకి ఒకేచోట దొరుకుతాయి.

మర్నాటికల్లా ఒకటి తయారు. స్టీలు గ్లాసు అడుగున బరువు కోసం ఇత్తడి దిమ్మ అతికించాడు, రెండు పక్కలా పిడులు పెట్టాడు, పైన చిల్లు మూత బిగించాడు. అచ్చం మొక్కలకి నీళ్ళు పోసే డబ్బాలా ఉంది.

"మూడూ ఒకేసారి మార్చేశారా?" అంది అమ్మమ్మ.

"తొణక్కపోతే చాలు కదోయ్."

"ఏది పనిచేసిందో తెలియకపోతే బాగుచెయ్యడం ఎలా? విప్పండి. దిమ్మ ఒకటి, పిడులు ఒకటి, మూత ఒకటి. వేరువేరుగా చూడాలి."

తాత గొణుక్కుంటూ విప్పాడు. పరీక్షకి అమ్మమ్మ అన్నీ పద్ధతిగా అమర్చింది. అదే బల్ల, అదే కుర్చీ, పొద్దున అదే వేళ. నీళ్ళు ఒకే గీత దాకా. కింద తెల్లగుడ్డ పరచి, ఎంతమేర తడిసిందో జానతో, బెత్తెతో కొలిచేది. తను ఎదురుగా కూర్చుని, కళ్ళజోడు తుడుచుకుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చూసేది. తాత పెద్దమ్మమ్మ భుజం వెనక నిలబడేవాడు, తన సరుకు ఎలా నడుస్తోందో చూడాలి కదా.

"ఏం మరిదీ, నన్ను కూడా కొక్కేనికి తగిలిస్తారా, ఇలా కూర్చోబెట్టే చూస్తారా?" అంది పెద్దమ్మమ్మ.

"నువ్వు బరువెక్కువ వదినా. నా కొక్కెం ఆగదు."

"అది నా బరువు లోపమా, నీ కొక్కెం లోపమా? మీ ఆవిణ్ణడుగు, తేలుస్తుంది."

నవ్వింది, మొదటగా ఇచ్చిన మామూలు గ్లాసెత్తింది, గుడ్డ తడిసింది.

దిమ్మ పెట్టిన గ్లాసు మామూలు గ్లాసు కన్నా ఎక్కువ ఒలికింది. పిడుల గ్లాసు దానికన్నా ఎక్కువ. మూత పెట్టినది కాస్త నయమనిపించింది, కానీ ఆవిడ రెండు గుక్కలు తాగి పక్కన పెట్టేసి, "పాలసీసా ఎప్పుడిస్తున్నారు?" అంది. ఆ మాట నవ్వుతూ అనలేదు. తాత మూత తీసుకెళ్ళి సామాన్ల డబ్బాలో అడుక్కి తోసేశాడు.

అమ్మమ్మని అసలు కలవరపెట్టింది వేరే. సరిచూసుకోవడానికి మళ్ళీ మొదటి మామూలు గ్లాసే ఇచ్చి చూసింది. మొదటిరోజు కంటే ఎక్కువ ఒలికింది. మర్నాడు ఇంకా ఎక్కువ. ఏదీ మార్చలేదు, అయినా మారుతోంది. ఆవిడ అనుభవంలో దానికి అర్థం ఒకటే. లోపల ఏదో అరిగిపోతోంది. జబ్బు ముదురుతోందేమో.

"చూశావుగా" అంది పెద్దమ్మమ్మ గుడ్డ మడిచి ఇస్తూ. "ఇంక చాలే చిన్నదానా. ఆ గది వాళ్ళకి కబురు పెడతా."

మరో రెండురోజులకి పెద్దమ్మమ్మ ఆ గది చూసిరావడానికి వెళ్ళింది. అమ్మమ్మ ఆవిడ దుప్పటి మారుద్దామని పెరటి గదిలోకి వెళ్ళింది. మంచం పక్కన చిన్న స్టూలు, దాని మీద పళ్ళెం, పళ్ళెంలో పొద్దున టీ తాగిన గ్లాసు. నర్సమ్మ కదా, పళ్ళెంలో శుభ్రంగా తెల్లటి గుడ్డ పరుచుకుంటుంది. అమ్మమ్మ అలవాటుగా ఆ గుడ్డ మీద జాన పెట్టబోయి ఆగిపోయింది. కొలవడానికేముంది? గ్లాసు అంచు దగ్గర కందిగింజంత మరకలు రెండో మూడో. అంతే.

అమ్మమ్మ దుప్పటి ఒళ్ళో పెట్టుకుని మంచం మీద కూలబడింది. అదే చెయ్యి. వంటింట్లో ఉన్నలాంటి గ్లాసే. టీ కూడా నిండా పోసి తనే ఇచ్చింది. మరి ఈ గదిలో ఏముంది, వంటింట్లో ఏం లేదు? స్టూలు ఎత్తా? వెలుతురా? టీ వేడా? ఒక్కొక్కటే తలుచుకుంటూ గది చుట్టూ చూసింది. గోడకి అద్దం ఉంది. అద్దంలో, కళ్ళజోడు ముక్కు చివరికి జారి, మెడ వెనక్కి వాల్చి, ఎవరినో దొంగతనం పట్టుకున్నట్టు చూస్తున్న ఒక ముసలావిడ కనపడింది.

ఆ గదిలో మామూలుగా ఉండనిది ఏమిటో అప్పుడు తెలిసింది.

తెలిసింది అనుకోవడం వేరు, రుజువు కావడం వేరు. అమ్మమ్మ అంత తేలిగ్గా తనమీద తను కూడా నేరం మోపుకునే మనిషి కాదు. మర్నాడు బట్టల మూట పట్టుకుని, "ఇక్కడ గాలి బాగా వస్తోందక్కా" అని అక్క గదిలో చేరింది. టీ ఇచ్చి, ఆవిడకి వీపు పెట్టి కూర్చుని బట్టలు మడతపెట్టింది. ఇద్దరూ చిన్నప్పటి కబుర్లేవో చెప్పుకున్నారు. అయ్యాక పళ్ళెం తీసుకెళ్ళేటప్పుడు చూస్తే గుడ్డ మీద చిన్న మరకలే. ఆ తర్వాతి రోజు అంతా అలాగే, ఒక్కటే మార్చింది. సగం టీ అయ్యాక వెనక్కి తిరిగి చూసింది, అంతే. గ్లాసు పళ్ళేనికి తగిలి గలగలమంది. పెద్దమ్మమ్మ దాన్ని కింద పెట్టేసి చేతులు కొంగు కింద దాచుకుంది.

అమ్మమ్మకి ఇంకో సాక్ష్యం అక్కర్లేకపోయింది. పెరట్లో ఆకురాయితో ఏదో రుద్దుతున్న తాత పక్కన వెళ్ళి కూర్చుంది.

"జబ్బు ముదరలేదండీ. మనం చూసినకొద్దీ ముదిరింది."

"అంటే?"

"నేను ఎదురుగా కళ్ళజోడు పెట్టుకుని కూర్చుంటే ఏ చెయ్యి వణకదు? అన్నీ మార్చి చూశాం, నేనొక్కదాన్నే రోజూ కదలకుండా అక్కడే ఉన్నా. ఫ్యాన్లని ఎంతసేపు చూసినా వాటికి చీమ కుట్టదు. ఫ్యానుకి సిగ్గుండదుగా. మనిషికుంటుందని నాకు తోచనేలేదు."

తాత ఆకురాయి ఆపాడు. "నాకు తోచింది. పెళ్ళయిన కొత్తలో నువ్వు పక్కన నిలబడితే నేను మేకు కొట్టబోయి వేలు కొట్టుకునేవాణ్ణి. అందుకే నువ్వు బయటికెళ్ళినప్పుడే పనులు పెట్టుకునేవాణ్ణి."

"ఆ సంగతి నాకు ముందే చెప్పొచ్చుగా?"

"చెబితే రుజువేదీ అంటావు."

అమ్మమ్మ నవ్వబోయి కళ్ళు ఒత్తుకుంది. "ఎందుకో తెలిసింది. తెలిసి ఏం లాభం? ఒక్కతే కూర్చుంటే చక్కగా తాగుతుంది. ఒక్కతే కూర్చోడానికి ఆ గది ఎలాగూ ఉంది. వెళ్ళిపోతుంది."

ఆవిడ పని అంతటితో అయిపోయింది. పాత రోజుల్లోనూ అంతే. కారణం పట్టుకొచ్చి టూల్‌రూమ్ గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయేది. తాత లేచి వంటింట్లోకి వెళ్ళాడు. గుండ్రటి బల్ల చుట్టూ ఒకసారి తిరిగాడు. ఒక్కో కుర్చీలో కూర్చుని ఎదుటికి చూశాడు. ఎక్కడ కూర్చున్నా ఎవరో ఒకరి మొహమో, చేతులో కళ్ళ ముందుకొస్తాయి. గుండ్రటి బల్ల గుణమే అది.

"నేను తప్పు కప్పు చేశాను" అన్నాడు.

"ఏ కప్పు?"

"అన్నీ. చెయ్యి వణక్కుండా చెయ్యాలనుకున్నా. మీ అక్కకి కావలసింది అది కాదు. మన ముగ్గురం కలిసి టీ తాగాలి, ఎవరి చెయ్యీ ఎవరికీ కనపడకూడదు. అంతేగా?"

వంటింటికి వీధివైపు పెద్ద కిటికీ ఉంది. దాని కింద గోడని తాత జానలతో కొలుస్తుంటే అమ్మమ్మకి అర్థమైంది. గోడ పొడవునా పలక. ముందు ముగ్గురూ వరసగా, వీధికి ఎదురుగా కూర్చునేలా బెంచీ.

"పలక కాస్త ఎత్తులో వస్తే మోచెయ్యి దానికి ఆనుతుంది, అప్పుడు ఆసరా ఉంటుంది. గ్లాసుకి దిమ్మ కూడా మళ్ళీ పెడదాం. చూసేవాళ్ళు లేకపోతే బరువు పనిచేస్తుందేమో" అని, తాత ఆగి భార్య వంక అనుమానంగా చూశాడు. "ఒక్కొక్కటే చెయ్యమంటావా?"

"వద్దు" అంది అమ్మమ్మ. "అన్నీ ఒకేసారి చేసెయ్యండి."

తాత చేతిలోని పెన్సిలు కింద పడింది. "ఒంట్లో బాగుందా నీకు?"

"కారణం వెతికేటప్పుడు ఒక్కొక్కటే. ఇప్పుడు కారణం తెలుసు, నెలాఖరు దగ్గరపడింది. ఏది పనిచేసిందో నాకు తెలియకపోయినా ఫర్వాలేదు. అక్క ఉంటే చాలు."

ఆ మాట ఆవిడ నోటినుంచి వినడానికి తాత ఇన్నేళ్ళు బతికాడు. ఎగతాళి చెయ్యాలని ఉన్నా ఎందుకో చెయ్యలేదు.

పలక మొదటిసారి మరీ ఎత్తుగా వచ్చింది. కూర్చుని చూస్తే ఇద్దరి భుజాలూ చెవుల్లోకి దూరాయి. మళ్ళీ ఊడదీసి, కింద ఆధారాలు కోసి, దించి బిగించాడు. గుండ్రటి బల్ల పెరట్లోకి వెళ్ళింది. రంపం చప్పుడూ సుత్తి చప్పుడూ రెండు రోజులు వింటూ కూడా పెద్దమ్మమ్మ తన గదిలోంచి రాలేదు. "మళ్ళీ పరీక్షలా? నేను రాను" అని లోపల్నించే చెప్పేసింది.

"నిన్నెవరు రమ్మన్నారు?" అన్నాడు తాత.

నిజంగానే ఎవరూ పిలవలేదు. పొద్దున్నే మొగుడూ పెళ్ళాం ఇద్దరూ కిటికీ ముందు పక్కపక్కన కూర్చుని, వీధిని చూస్తూ, పెరటి గదికి వినపడేలా మాట్లాడుకున్నారు. ఎదురుగా సైకిల్ షాపుంది. ఇంకాస్త అవతల కొత్తగా మందులషాపేదో తెరుస్తున్నారు. మొదటిరోజు సైకిల్ షాపువాడు తన సైకిలుకే గాలి లేక దిగాలుగా నిలబడటం గురించి మాట్లాడారు. రెండోరోజు మేడమీద ఆరేసిన చొక్కా ఎగిరివచ్చి పాలవాడి నెత్తిన పడింది.

"ఎవరి చొక్కా?" అని పెరటి గదిలోంచి వినపడింది.

అమ్మమ్మ జవాబు చెప్పబోతుంటే తాత కాలు తొక్కాడు.

మూడోరోజు మందులషాపుకి బోర్డు బిగిస్తున్నారు. ఇద్దరు మనుషులు, రెండు నిచ్చెనలు. ఒక పక్క ఎత్తితే రెండో పక్క దిగుతోంది. తాత వాళ్ళని తిడుతూ, అమ్మమ్మ తాతని తిడుతూ ఉండగా, వెనక చెప్పుల చప్పుడైంది. ఇద్దరూ వెనక్కి తిరగలేదు. అమ్మమ్మ మెడ వెనక నరాలన్నీ తిరగమంటున్నాయి. తిరగలేదు.

"అలా కాదు, ముందు నడుమ తాడు కట్టాలి" అంటూ పెద్దమ్మమ్మ బెంచీ చివర కూర్చుంది. "రోగి మంచం ఎత్తడం కూడా రాదు వీళ్ళకి."

తాత దిమ్మ గ్లాసులో టీ పోసి, వీధివైపే చూస్తూ, పలకమీదుగా ఆవిడ వైపు జరిపాడు.

అమ్మమ్మకి ఆ కాసేపూ కంపెనీలో ఉద్యోగం చేసిన ఏళ్ళన్నిటికన్నా పొడుగ్గా గడిచింది. ఆవిడ జీవితమంతా చూసి తెలుసుకుంది, ఇప్పుడు చూడకుండా ఉండాలి. చూస్తే చెడుతుంది. పలక వంక కూడా చూడకూడదు. చెవులు మాత్రం మూసుకోలేదు. మోచెయ్యి పలకకి ఆనిన చప్పుడు వినపడింది. గ్లాసు అంచు పంటికి తగిలి చిన్నగా టిక్కుమంది. ఒక చుక్క ఎక్కడో పడింది. ఎవరూ తుడవలేదు.

"ఇంకా ఎడమపక్క దించాలి" అంది పెద్దమ్మమ్మ వీధిలోకి చూస్తూ. "ఏం మరిదీ, నువ్వు వెళ్ళి చెప్పరాదూ?"

"నేను చెబితే వింటారా?"

"ఇంట్లోనే ఎవరూ వినరు, బయటెవరు వింటారులే." గ్లాసు పలక మీద పెట్టిన చప్పుడైంది. కాస్త బరువుగానే, కానీ ఒకేసారి. "ఇంకాస్త టీ ఉందా?"

తాత పోశాడు. అమ్మమ్మ మందులషాపు బోర్డు వంకే చూస్తోంది. బోర్డు మసకమసగ్గా కనపడుతోంది, కళ్ళజోడు తుడుచుకోవాలి, కానీ చెయ్యి కదిపితే అక్క తనవైపు చూస్తుందేమోనని కదపలేదు.

"ఈ కిటికీలోంచి ఎండ సూటిగా మొహాన కొడుతోంది మరిదీ" అంది పెద్దమ్మమ్మ. "ఇప్పుడంటే ఫర్వాలేదు. ఎండాకాలం కూర్చోలేం. అప్పటికల్లా ఏదన్నా తెర చూడు."

ఎండాకాలం ఇంకా నాలుగైదు నెలలుంది. తాత, అమ్మమ్మ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. చూసుకునే వీలు ఆ బెంచీ మీద లేదు.

"ఏ రంగు కావాలి వదినా?" అన్నాడు తాత.

"మాసినా కనపడనిది" అంది పెద్దమ్మమ్మ. "ఏమే, నువ్వేం మాట్లాడవు? టీ చల్లారిపోతోంది, తాగు."

అమ్మమ్మ తల తిప్పకుండా గ్లాసు ఎత్తి తాగింది.